సింక్ కింద అరలకి డబ్ల్యూపీసీ బోర్డు ఎలా ఉంది?

మాది అమలాపురం దగ్గర, కాలవ పక్కనే ఇల్లు, వానాకాలం వస్తే గోడలకి చెమ్మ, చెక్కకి చెద ఈ రెండూ తప్పవు. సింక్ కింద పాత పార్టికల్ బోర్డు ఉబ్బిపోయి పొట్టు పొట్టుగా రాలిపోతుంటే 18 ఎమ్ఎమ్ డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే బోర్డు) తెచ్చి కార్పెంటర్ లేకుండా నేనే బిగించా. వానలన్నీ అయ్యాకే రాస్తున్నా, ఎక్కడా ఉబ్బలేదు, చెద పట్టలేదు, పైపు కారి నీళ్లు నిలిచినా గుడ్డతో తుడిస్తే అయిపోయింది. నాకైతే చాలా నచ్చింది అండి.

కోయడం తేలిక, మామూలు చేతి రంపం చాలు. స్క్రూల దగ్గరే జాగ్రత్త, డైరెక్ట్‌గా దింపేయకుండా ముందు సన్న బిట్టుతో బెజ్జం పెట్టి అప్పుడు నెమ్మదిగా తిప్పాలి, అంచుకి మరీ దగ్గరైతే చీలుతుంది, అదే బెజ్జంలో రెండు మూడు సార్లు విప్పి బిగిస్తే పట్టు పోతుంది, తలుపుల హింజెస్ ఊడేది అందుకే. కొనేటప్పుడు ముక్క చేత్తో ఎత్తి చూడండి, మరీ తేలిగ్గా ఉండి గోరుతో నొక్కితే గుంట పడుతుంటే వద్దు, దానికి స్క్రూ నిలవదు.

పొయ్యి పక్కన మాత్రం ఇది వాడకండి, ఇందులో ప్లాస్టిక్ ఉంటుంది కదా, వేడికి మెత్తబడుతుంది, అక్కడ ఐఎస్ 710 మార్కున్న ప్లైవుడ్ (నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్) మేలు. ఆవకాయ జాడీలు, బియ్యం డబ్బా పెట్టే పొడుగు అరకి మధ్యలో సపోర్ట్ ఇవ్వాల్సిందే, లేకపోతే మెల్లగా కిందకి వంగిపోద్ది.

8 అడుగులు, 4 అడుగుల షీటు ఆటోలో పట్టదు, కొలతలు రాసుకెళ్లి షాపులోనే కోయించుకోండి.