నరసరావుపేటలో ఆన్‌లైన్ ఎంట్రన్స్ ప్రాక్టీస్ సెంటర్: మౌస్ భయం పోతుంది, మార్కుల బోర్డు సంగతే చూసుకోవాలి

ఇంట్లో కంప్యూటర్ లేని ఇంటర్ పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నాను. జిరాక్స్ షాపు పైన ఉంటుంది ఈ సెంటర్. పేరు మాత్రం రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి మరి. రోజుకు వంద రూపాయలు తీసుకుని జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ పద్ధతిలో మూడు గంటల పరీక్ష కూర్చోబెట్టి రాయిస్తారు.

మా తమ్ముడు ఎంపీసీ సెకండియర్. కాలేజీలో పరీక్షలన్నీ కాగితం మీదే, అసలు ఎంట్రన్సేమో కంప్యూటర్‌లో. ఫోన్ అంత బాగా వాడేవాడికి కంప్యూటర్ ఓ లెక్కా అంటారు గానీ, పొడుగాటి జతపరచండి ప్రశ్న వచ్చేసరికి కిందికి జరపడానికి వాడు మానిటర్ మీద వేలు పెట్టి రుద్దాడు, నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. దానికంటే పెద్ద గొడవ ఇంకోటి. ఆప్షన్ నొక్కుతున్నాడు, కుడివైపున్న నంబర్లలో తర్వాతి ప్రశ్న మీద క్లిక్ చేసి వెళ్లిపోతున్నాడు. అలా వెళ్తే జవాబు సేవ్ అవ్వదు, సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కాల్సిందే. కాసేపటికి చూసుకుంటే చూసిన ప్రశ్నల నంబర్లన్నీ ఎర్రగా ఉన్నాయి, అంటే జవాబు సేవ్ కానట్టు, సేవ్ అయితే వచ్చే పచ్చ రంగు ఒక్కదానికీ లేదు. పైన టైమర్ తిరుగుతోంది, చెయ్యి చెమట పట్టి మౌస్ జారిపోతోంది, తెలిసిన లెక్క కూడా తప్పు చేశాడు.

ఇక్కడే నాకు ఆ సెంటర్ సార్ నచ్చాడు. వచ్చి మౌస్ లాక్కోలేదు. "ఎర్రగా ఎందుకున్నాయో నువ్వే చూసుకో తమ్ముడూ, ఇది నిజం పరీక్ష కాదుగా" అని పక్కన నిలబడ్డాడు. వాడే కనుక్కున్నాడు. ఆ తర్వాత రాసిన పరీక్షల్లో వాడికి మౌస్ గురించి టెన్షన్ లేదు, ఉన్న టెన్షనంతా కెమిస్ట్రీ గురించే, అది ఉండాల్సిందే! తానే చేసి నెగ్గిన అనుభవమే ఆత్మవిశ్వాసానికి అన్నిటికంటే పెద్ద ఆధారం అని బందూరా అనే సైకాలజిస్టు 1977లోనే రాశాడు, నేను బీఈడీలో బట్టీ పట్టి రాసిన ముక్క అది, అర్థమైంది మాత్రం ఇక్కడే.

ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌కైతే ఈ ప్రాక్టీస్ ఇంకా అవసరం. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి పెట్టేసి వస్తారు పిల్లలు, కానీ ఒక్కోదానికీ ఆప్షన్ నొక్కి, సేవ్ నొక్కాలి కదా, చెయ్యి అలవాటు లేకపోతే ఆ ఆఖరి ఐదు నిమిషాల్లో ఏం పెడతారు?

ఇక తిట్లు. ప్రతి పరీక్ష అయ్యాక పేర్లూ మార్కులూ గుమ్మం దగ్గర బోర్డు మీద రాసేస్తారు. కొత్తగా వచ్చిన ఓ పాప తన పేరు అట్టడుగున చూసుకుని మళ్లీ కనపడలేదు. ఆ పాపకి వచ్చినవి తక్కువ మార్కులా, సేవ్ కాని జవాబులా అని అడిగిన నాథుడు లేడు. భయం పోగొట్టడానికి డబ్బులు తీసుకుని మళ్లీ భయపెట్టడం ఏంటో! రెండోది, ఫీజు కట్టడానికి వెళ్లిన ప్రతిసారీ కౌంటర్‌లో ఉండే ఆవిడ "డీసీఏలో చేర్పించండమ్మా, కంప్యూటర్ భయం మొత్తం పోతుంది" అని మొదలుపెడుతుంది. ఆ కంప్యూటర్ కోర్సులో నేర్పే వర్డ్, ఎక్సెల్, ట్యాలీ ఉద్యోగానికి పనికొస్తాయేమో గానీ, పరీక్ష స్క్రీన్ ముందు దడ తగ్గాలంటే ఆ స్క్రీన్ మీదే కూర్చోవాలి. పైగా ఏసీ పేరుకే, కిటికీ పక్క సిస్టమ్‌లో మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది, అక్కడ మాత్రం కూర్చోకండి.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు వంద రూపాయలు కూడా పెట్టక్కర్లేదు, జేఈఈ మెయిన్ పెట్టే ఎన్‌టీఏ వాళ్ల సైట్‌లో దాని మాక్ టెస్ట్ ఉచితం, అదే రంగులు, అవే బటన్లు. టచ్‌ప్యాడ్‌తో కాకుండా ఓ మౌస్ పెట్టి రాయించండి. లేనివాళ్లు సెంటర్‌కి పొద్దున పూటే వెళ్లండి, సాయంత్రం డీసీఏ బ్యాచ్‌తో గోల. మా పిల్లాడి మార్కులు బోర్డు మీద రాయొద్దు అని ముందే చెప్పండి, చెబితే రాయట్లేదు. ఐదుకి మూడున్నర ఇస్తాను, అందులో మూడు ఆ సార్‌కే.