పది తూటాల హద్దు: కాలిఫోర్నియా, టెక్సస్

పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ల (తుపాకీలో తూటాలు నింపి పెట్టే డబ్బాల) అమ్మకాన్ని కాలిఫోర్నియా 2000 నుంచి నిషేధించింది. 2016లో ఓటర్లు ఆమోదించిన 63వ ప్రతిపాదనతో దగ్గర ఉంచుకోవడంపై కూడా నిషేధం వచ్చింది. టెక్సస్‌లో ఇలాంటి హద్దే లేదు. అక్కడ గ్లాక్ 17 పిస్టల్ కొంటే 17 తూటాల మ్యాగజైనే వస్తుంది.

నాకు టెక్సస్ పద్ధతే న్యాయంగా కనిపిస్తుంది. అర్ధరాత్రి ఇద్దరు ముగ్గురు ఇంట్లోకి చొరబడితే ఆ టెన్షన్‌లో గురి తప్పుతుంది, మ్యాగజైన్ మార్చడానికి చేతులు సహకరించవు. కాలిఫోర్నియా చట్టం పోలీసులకు మినహాయింపు ఇచ్చింది. మరి ఆ పోలీసులు వచ్చేదాకా ఒంటరిగా నిలబడాల్సిన మనిషికి ఆ పెద్ద మ్యాగజైన్లు ఎందుకు అక్కర్లేదు?

హద్దు కావాలనేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. 2011లో అరిజోనాలోని టూసాన్‌లో కాల్పులు జరిపినవాణ్ని మ్యాగజైన్ మారుస్తుండగానే జనం పట్టుకున్నారు. కానీ 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మందిని చంపినవాడు వాడినవి 10, 15 తూటాల మ్యాగజైన్లే. పథకం వేసుకున్న హంతకుడు అదనపు మ్యాగజైన్లు సంచీలో మోసుకొస్తాడు. నిద్రలోంచి లేచినవాళ్ల చేతిలో ఉండేది ఒక్కటే.

2025 మార్చిలో కాలిఫోర్నియా కేసులు వినే ఫెడరల్ తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కాలిఫోర్నియా చట్టాన్నే సమర్థించింది. డాలస్ నుంచి శాన్ హోసేకి మారే మన తెలుగువాళ్లలో తుపాకీ ఉన్నవారు ఆ పెద్ద మ్యాగజైన్లను వెంట తీసుకెళ్లకూడదు.