పాలియేటివ్ కేర్ పురస్కారాలు: దరఖాస్తుదారుల వైపు నుంచి ఒక సమీక్ష

తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి బాధను తగ్గించే పాలియేటివ్ కేర్ ఆసుపత్రికే పరిమితం కాకూడదని, ఇరుగుపొరుగువారు, బడులు, పనిచేసే చోట్లు కూడా పాలుపంచుకోవలసిన ప్రజారోగ్య బాధ్యత అని నమ్మి పనిచేసేవారి కోసం ఇప్పుడు ప్రత్యేకంగా పురస్కారాలు వెలిశాయి. అటువంటి ఒక పురస్కారానికి ఒక వాలంటీర్ల బృందం తరఫున దరఖాస్తు రాసే పని నా మీద పడింది కనుక, దాని మంచిచెడ్డలు ఇక్కడ చెబుతున్నాను.

అసలు ఇటువంటి విభాగం ఒకటి ఉండడమే మెచ్చుకోవలసిన విషయం. జీవితపు చివరి దశలో ఉన్నవారికి సేవలందించే హాస్పిస్‌ల ఆధునిక ఉద్యమానికి నాంది పలికిన సిసిలీ సాండర్స్‌కు 1981లో టెంపుల్టన్ బహుమతి వచ్చింది. ఆమె 1967లో లండన్‌లో ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌కు 2001లో హిల్టన్ మానవతా బహుమతి దక్కింది. మన దేశంలో పాలియేటివ్ కేర్ వైద్యుడు డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్‌ను 2018లో పద్మశ్రీ వరించింది. ఇవన్నీ అర్హులకే అందాయి, అందులో సందేహం లేదు. అయితే వీటిని అందుకున్నది ఒక వ్యక్తి, లేదా ఒక సంస్థ. కేరళలో శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకుంటూ, స్థానికంగా విరాళాలు పోగుచేసుకుంటూ, నర్సులు, వైద్యుల తోడ్పాటుతో నడిపిన పాలియేటివ్ సేవలు 2008లో రాష్ట్ర ప్రభుత్వం దీనికొక విధానం ప్రకటించేదాకా వెళ్లాయి. అలాంటి పనికి జ్ఞాపిక ఇవ్వాలంటే వేదిక మీదికి ఎవరిని పిలుస్తారు? నేను నింపిన దరఖాస్తులో వ్యక్తులతో పాటు బృందాలకూ చోటుంది కాబట్టి, నిర్వాహకులు ఈ ప్రశ్నను పట్టించుకున్నారనే అనుకోవాలి.

పట్టించుకున్నది అక్కడివరకే. దరఖాస్తులో అన్నిటికంటే పెద్ద గడి ‘లబ్ధిదారుల సంఖ్య’. మంచాన పడిన తల్లిని చూసుకునే కూతురు కాసేపు నిద్రపోవడానికి వీలుగా ఒక వాలంటీరు వారానికో సాయంత్రం వచ్చి కూర్చుంటే, లబ్ధిదారులు ఒక్కరా, ఇద్దరా? చివరి దశలో ఉన్న మనిషి వైద్య సిబ్బంది దగ్గర గడిపే కాలం చాలా తక్కువని, మిగిలినదంతా ఇంటివాళ్లతోనో, పొరుగువాళ్లతోనో, ఒంటరిగానో గడిచిపోతుందని ఈ రంగానికి సిద్ధాంతపరమైన పునాది వేసిన సామాజిక శాస్త్రవేత్త అలన్ కెల్లెహియర్ ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఆ మిగిలిన కాలాన్ని గుర్తించడానికి పుట్టిన పురస్కారమే దాన్ని అడగకపోవడం విడ్డూరం.

పైగా ‘ప్రచురితమైన ఆధారాలు’ జతచేయమన్నారు. విశ్వవిద్యాలయాల బృందాలకు పరిశోధన వ్యాసాలు రాసేవారు ఉంటారు. మా బృందం దగ్గర ఉన్నది అట్టలు చిరిగిన ఒక రిజిస్టరు: వెళ్లిన తేదీ, పుండుకు కట్టు కట్టినదీ లేనిదీ, మార్ఫిన్ మాత్రలు ఎన్ని మిగిలాయి, రాత్రి వేళ ఎవరికి ఫోన్ చేయాలి. నా లెక్కలో అంతకు మించిన ఆధారం లేదు, కానీ దాన్ని జతచేయడానికి ఎక్కడా వీలు కనిపించలేదు. ఫలితం మాత్రం ఒక్క వాక్యం ఈమెయిల్‌లో వచ్చింది. ఎంపిక కాలేదన్నారు తప్ప కారణం చెప్పలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి పాలియేటివ్ కేర్ అవసరం కాగా, అందుతున్నది దాదాపు 14 శాతం మందికే. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ దీనిపై తీర్మానం చేసిన తరువాత కూడా లోటు ఇంత ఉన్నప్పుడు, విజేతల ఫొటోల కన్నా వారి దరఖాస్తులను పూర్తిగా బయటపెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది; వాలంటీర్లకు శిక్షణ ఎలా ఇచ్చారో, డబ్బు ఎలా సమకూర్చుకున్నారో చదివి ఇంకొకరు మొదలుపెట్టగలుగుతారు. ఆ ఒక్క మార్పు చేస్తే నా అభిప్రాయం చాలావరకు మారుతుంది.

ఇప్పుడున్న తీరులో, రాసిపెట్టేవారు దొరికిన బృందాలు దరఖాస్తు చేయవచ్చు. ప్రశంసాపత్రం ఉంటే స్థానిక అధికారుల దగ్గర మాట కొంత చెల్లుతుంది. దరఖాస్తు కోసమే ఒక మనిషిని ఇళ్ల సందర్శన మాన్పించవలసి వస్తే మాత్రం వద్దంటాను. ఫొటోలు పంపేవారు రోగి నుంచీ, కుటుంబం నుంచీ ముందే అనుమతి తీసుకోవాలి. ఆ విషయం దరఖాస్తులో ఎక్కడా రాయలేదు.