కోలాటం నేర్పడానికి వర్చువల్ లోకం: మూడేళ్ళ వాడకం తర్వాత

దేవుని కడపలో రథసప్తమికి స్వామి ముందు ఆడే మా కోలాటం జట్టులో పదహారు మందిమి ఉన్నాము. అందులో ఏడుగురు చదువులకనీ ఉద్యోగాలకనీ బెంగళూరు, హైదరాబాదు చేరడంతో సాధన తెగిపోయింది. వాళ్ళను కలిపి ఆడించడానికి మూడేళ్ళుగా వర్చువల్ లోకాలను, అంటే ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు ఇంటర్నెట్‌లో బొమ్మల రూపంలో కలుసుకునే చోట్లను, వాడుతున్నాను. నేను వాడినవి రెండు తరహాలవి: 2003లో మొదలైన సెకండ్ లైఫ్ మాదిరిగా కంప్యూటరు తెర మీద మన బొమ్మను కీబోర్డుతో నడిపించేవి, వీఆర్‌చాట్ మాదిరిగా కళ్ళను కప్పే హెడ్‌సెట్ తగిలించుకుని లోపలికి దిగేవి.

మొదటి తరహా నుంచి ఆశించింది తక్కువ, దక్కింది ఎక్కువ. అందులో బొమ్మ వేసే అడుగు మనది కాదు, ముందే తయారుచేసి ఎక్కించిన కదలిక. కాబట్టి చేతివాటమూ కాలి అడుగూ అక్కడ నేర్పలేము. కోపు, అంటే ఆటలో ఎవరు ఎటు తిరిగి ఎవరితో జత కలవాలో ఆ వరస, మాత్రం చక్కగా నేర్పవచ్చు. లోపలి వరుసకు తెల్ల చీరలు, బయటి వరుసకు ఎర్ర చీరలు కట్టించి, చూపును తాటిచెట్టు ఎత్తుకు లేపి కిందికి చూడమంటే, రెండు వరుసలూ ఒకదానిలోకి ఒకటి అల్లుకుంటూ పోయే దారి మెలికల ముగ్గు వేసినట్టు కనిపిస్తుంది. రామాలయం ముందు రెండు వారాలు గొంతు చించుకున్నా ఎక్కని జంట మార్పు ఒకమ్మాయికి ఒక్క ఆదివారంలో పట్టుబడింది. పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని ఆడుతూ వాటిని జడలా అల్లే జడ కోలాటం వదులుకున్నాము. అక్కడి తాళ్ళు ఒకదానిలోంచి ఒకటి దూరిపోతాయి తప్ప జడ పడదు.

హెడ్‌సెట్‌లో మన చెయ్యే కదులుతుంది గనుక కోలాటానికి అదే తగినదనుకున్నాను. దెబ్బ దగ్గరే చిక్కు వచ్చింది. ఆ లోకాన్ని నడిపే కంప్యూటరు, అంటే సర్వరు, అమెరికాలో ఉంటే, కడపలో నేను వేసిన దెబ్బ 13,000 కిలోమీటర్లకు పైగా పోయి, మళ్ళీ అంత దూరమూ తిరిగి వచ్చి బెంగళూరులో ఉన్న నా జంట ఆమెకు కనిపించాలి. ఫైబర్ తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లే కాబట్టి, ఎంత మంచి కనెక్షన్ ఉన్నా అందుకు 130 మిల్లీసెకన్లయినా పడుతుంది. వడి పెరిగాక సెకనుకు రెండు మూడు దెబ్బలు పడే ఆటలో ఇది చిన్న ఆలస్యం కాదు: నా కంటికి కోలలు కలిసిన క్షణాన ఆమె కంటికి నా కోల ఇంకా గాలిలోనే ఉంటుంది. ఇది ఏ సంస్థ తప్పూ కాదు, దూరం తప్పు. మైకులు ఆపుకుని, ఒకే రికార్డును ఎవరింట్లో వాళ్ళు ఒకేసారి మొదలుపెట్టి ఆడితే తాళం తప్పడం లేదు గానీ, వంత పాడేవారు లేని కోలాటం నాకు చప్పగానే ఉంటుంది.

ఇంకొక సంగతి. హెడ్‌సెట్‌కు తెలిసేది మన తల, రెండు చేతుల కదలిక మాత్రమే. నడుముకూ పాదాలకూ విడిగా సెన్సర్లు కట్టుకోకపోతే కాళ్ళను అది ఊహించి గీస్తుంది. ఒకామె అడుగు కుదురుగా ఉందని నెల రోజులు మెచ్చుకున్నాను. ఊరికి వచ్చాక తెలిసింది, గదిలో చోటు లేక మంచం మీద కూర్చునే ఆడిందట.

నిరుడు రథసప్తమికి ముందు రోజు సాయంత్రం ఊళ్ళో దిగిన ఏడుగురిలో ఒక్కరికీ కోపుల దారి తప్పలేదు. కోలల బరువు మణికట్టుకు అలవాటయ్యేసరికి మాత్రం రాత్రి పదకొండు దాటింది. కొత్తగా మొదలుపెట్టే జట్లు ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌తోనే కోపులు నేర్చుకోవచ్చు. హెడ్‌సెట్‌కు పెట్టే డబ్బుతో జట్టంతటికీ మంచి కోలలు, గజ్జెలు వస్తాయి.