కాలిన తెల్ల మచ్చకి పంచ్ గ్రాఫ్టింగ్: నా చేతి మీద ఎంతవరకు పనిచేసింది

నాలుగేళ్ల క్రితం సంక్రాంతికి అరిసెలు వండుతుంటే కాగిన నూనె కుడి ముంజేతి మీద పడింది. పుండు మానింది గానీ అరచేతిలో సగమంత మచ్చ తెల్లగా ఉండిపోయింది. నాది చామనఛాయ, దూరం నుంచే కనపడేది. చూసినవాళ్లు ముందు "బొల్లి ఏమో" అనుకోవడం, నేను కాదని చెప్పుకోవడం, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్లే. బొల్లి అయినా అంటుకునే జబ్బు కాదు, అయినా ఆ చూపులకి మనసు చివుక్కుమనేది.

పెద్దమ్మ చెప్పిందని మొదట బావంచాల నూనె రాసి ఎండలో కూర్చున్నా. బొబ్బలెక్కి మళ్లీ పుండు పడింది. అందులో ఉండే సోరాలెన్ ఎండ తగిలితే చర్మాన్ని కాల్చేస్తుంది, డాక్టర్ చూస్తూ కొలతగా వాడాల్సిన మందు అది. దయచేసి ఇంట్లో ఎవరూ చేయకండి.

తర్వాత ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్తే మచ్చని సరిగ్గా చూడకుండానే ఎక్సైమర్ లైట్ ప్యాకేజీ అంటగట్టారు, రంగు పూర్తిగా వచ్చేస్తుందన్నారు. అది 308 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, మచ్చ మీద మాత్రమే పడుతుంది. వారానికి రెండుసార్లు చొప్పున మూడు నెలలు తిరిగా, రంగు తిరిగి రావడానికి ఇచ్చే టాక్రోలిమస్ అనే ఆయింట్‌మెంట్ కూడా రాశా. అంచుల్లో కొద్దిగా రంగు తిరిగింది, నడుమ మాత్రం అలాగే తెల్లగా ఉంది, ఆపిన కొన్ని నెలలకి ఆ వచ్చిందీ వెలిసిపోయింది. అడిగితే ఇంకో ప్యాకేజీ తీసుకోమన్నారు. చాలా ఏడుపొచ్చింది ఆ రోజు.

రెండో డాక్టర్ మాత్రం వుడ్స్ ల్యాంప్ (తెల్ల మచ్చల్ని స్పష్టంగా చూపే అతినీలలోహిత దీపం) కింద చూసి, మచ్చలో వెంట్రుకలు ఉన్నాయా అని భూతద్దంతో వెతికారు. ఒక్కటీ లేదు. రంగునిచ్చే మెలనోసైట్ కణాలు వెంట్రుకల కుదుళ్లలో కూడా ఉంటాయట, లైటు వాటిని కదిలించి పైకి రప్పిస్తుంది. లోతుగా కాలి కుదుళ్లే పోయిన చోట లైటు ఎవరిని లేపుతుందమ్మా, బయటి నుంచి కణాలు తెచ్చి నాటాల్సిందే అన్నారు. ఈ ఒక్క ముక్క మొదటి చోటే చెప్పుంటే నాకు ఏడాది మిగిలేది.

నాకు చేసింది మినీ పంచ్ గ్రాఫ్టింగ్. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి తొడ మీద నుంచి 1 మిల్లీమీటరు చర్మపు ముక్కలు తీసి, మచ్చలో అంతే చిన్న గుంటలు చేసి, నారు నాటినట్టు దూరం దూరంగా పెట్టారు. ఇంజెక్షన్ పొడిచినప్పటి నొప్పే నొప్పి. అసలు కష్టం తర్వాత వారం రోజులు, చెయ్యి కదిపితే ముక్కలు జారిపోతాయని కట్టుతో ఉంచారు, జడ కూడా మా అమ్మే వేసింది. మొదటి నెల చుక్కలు చుక్కలుగా కనపడి భయమేసింది. కట్టు తీశాక మళ్లీ లైటు మొదలెట్టారు, ఈసారి ప్రతి ముక్క చుట్టూ రంగు పాకింది, ఆరో నెలకి చుక్కలు చాలావరకు కలిసిపోయాయి.

ఇప్పుడు నాలుగు వంతుల్లో మూడు వంతులు కలిసింది. మిగతా చర్మం కన్నా ఒక పిసరు ముదురుగా ఉంది, వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది, తొడ మీద చిన్న చుక్కలు మిగిలాయి. అయినా నేను సంతృప్తిగా ఉన్నా. మచ్చ పెద్దదైతే తొడ నుంచి పల్చటి పొర తీసి, కణాలు వేరు చేసి ద్రవంగా పోసే పద్ధతి ఉంది, కొంచెం చర్మంతోనే అంతకు ఎన్నో రెట్ల మచ్చ నిండుతుంది. మచ్చ మీద చర్మం రంగు టాటూ వేయించుకోవడం గురించీ అడిగా, కానీ ఎండకి చెయ్యి నల్లబడితే ఆ రంగు దాంతోపాటు మారదు, నాకు నచ్చలేదు. కీలాయిడ్లు (గాయం మానాక దాన్ని దాటి ఉబ్బుగా పెరిగే మచ్చలు) లేచే ఒళ్లయితే ఈ కోతల జోలికి వెళ్లే ముందే డాక్టర్‌కి చెప్పండి.

ఇంకొకటి, ముందు ఒక మూల పరీక్షగా చేసి చూపమని అడగండి. నాకు మొదట 5 ముక్కలే పెట్టి, రెండు నెలలు ఆగి, వాటి చుట్టూ రంగు పాకిందని చూపించాకే మిగతావి పెట్టారు.