సవానా ఫెర్రీ: టికెట్ లేదు, ఓడల దారి మాత్రం ఫుల్‌గా కనిపిస్తుంది

ముందే రేటింగ్ చెప్పేస్తాను, 5కి 4.5. జార్జియాలోని సవానాలో సవానా బెల్స్ ఫెర్రీ అని ఒకటుంది, రివర్ స్ట్రీట్ నుంచి నది దాటించి ఎదురుగా ఉన్న హచిన్‌సన్ ఐలాండ్‌లో దింపుతుంది, మళ్ళీ వెనక్కి తీసుకొస్తుంది, పైసా అడగరు. అట్లాంటా వైపు ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే ఐ-16 హైవే మీద పడి, ఈ నది సముద్రంలో కలిసేచోట ఉన్న టైబీ బీచ్‌కి వెళ్ళి నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తారు తప్ప దీని సంగతి ఒకరికొకరు చెప్పుకోగా నేను వినలేదు. పక్కనే డిన్నర్ క్రూజులు కూడా ఉన్నాయి. పాటలూ భోజనం కావాలంటే అవి ఎక్కండి, ఓడలు చూడాలంటే ఇది చాలు.

పడవ చిన్నది. గోదావరి మీద పంటు ఎక్కినవాళ్ళకి ఇది బొమ్మలా అనిపిస్తుంది. ఒక్కో పడవకి ఆ ఊరికి పేరు తెచ్చిన ఒక్కో ఆవిడ పేరు పెట్టారు, అందులో నాకు నచ్చింది ఫ్లోరెన్స్ మార్టస్. ఈవిడ 1887 నుంచి 1931 దాకా వచ్చే ఓడకీ పోయే ఓడకీ గుడ్డ ఊపుతూ పలకరించిందట, రాత్రయితే లాంతరు ఊపేదట. రివర్ స్ట్రీట్ చివర విగ్రహం కూడా ఉంది. అర మార్కు ఎందుకు తగ్గించానంటే ప్రయాణం మరీ పొట్టిది, సరిగ్గా కూర్చునేలోపు అవతలి ఒడ్డు వచ్చేస్తుంది.

అసలు మజా కంటైనర్ ఓడ వచ్చినప్పుడు. నది అంత ఇరుగ్గా ఉన్నచోట, ఊరి భవనాల కంటే ఎత్తుగా, ఒక వీధి మొత్తం కదిలి వస్తున్నట్టు వస్తుంది. 2021 మేలో ఇక్కడికి సీఎంఏ సీజీఎం మార్కో పోలో వచ్చింది, పొడవు 396 మీటర్లు, 20 అడుగుల కంటైనర్ల లెక్కన 16,022 కెపాసిటీ, అప్పటికి అమెరికా తూర్పు తీరానికి వచ్చిన వాటిలో అదే పెద్దది. నది లోపలి భాగంలో ఓడలు నడిచే ఛానల్ వెడల్పు సుమారు 500 అడుగులు, ఆ ఓడ వెడల్పే 175 అడుగుల పైన. ఇక ఎదురుగా అలాంటిదే ఇంకోటి వస్తే ఏంటి పరిస్థితి అన్నది ఫెర్రీలో నిలబడి చూసేవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే పెద్ద ఓడ ఒకటి లోపలుంటే రెండోది వెడల్పు చేసిన చోటు దాకా ఆగాలి, లేదా బయటే ఉండాలి. పైగా నిండా సరుకుతో ఉన్నవి పోటు కోసం కూడా చూడాలి. ఇక్కడ ఆటుపోట్ల తేడా దాదాపు 7 అడుగులు, తక్కువేం కాదు.

ఇప్పుడు ఛానల్‌ని ఇంకా లోతు, ఇంకా వెడల్పు చేయాలా వద్దా అని స్టడీ చేయడానికి 2022 చివర్లో అమెరికాలో పాసైన జలవనరుల చట్టంలో అనుమతి ఇచ్చారు. చేయాల్సింది ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ళు, అంటే ఇక్కడ నదులు, రేవుల పనులు చూసే సైన్యం ఇంజినీర్లు. తమాషా ఏంటంటే అంతకుముందు తవ్వకం పూర్తయింది కూడా అదే 2022లో, మార్చిలో! 42 అడుగుల నుంచి 47 అడుగులకి దించడానికి 97.3 కోట్ల డాలర్లు అయింది. అమెరికా కాంగ్రెస్ 1999లోనే ఓకే చెప్పినా స్టడీలు 2012 దాకా సాగాయి, డ్రెడ్జర్లు దిగింది 2015లో. ఈలోగా 2016లో పనామా కాలువని వెడల్పు చేసి తెరిచేశారు, ఓడలేమో ఏటేటా పెరిగిపోతూనే ఉన్నాయి. 1999లో లెక్కేసుకున్న ఓడ వేరు, 2022లో గుమ్మంలోకొచ్చిన ఓడ వేరు. కాబట్టి మళ్ళీ స్టడీ అంటే నవ్వొచ్చినా అడగడంలో తప్పు లేదు.

కానీ పోయినసారి బిల్లులో ఏమేం ఉన్నాయో చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. ఖర్చులో దాదాపు సగం మట్టి తీయడానికి కాదు, మట్టి తీయడం వల్ల నదికి జరిగే నష్టం పూడ్చడానికి. ఛానల్ లోతైతే సముద్రపు నీరు బరువు కాబట్టి అడుగునుంచి ఎగదన్నుకుంటూ నదిలో ఎగువకొస్తుంది. కోనసీమలోనో దివిసీమలోనో పుట్టినవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. ఇక్కడ ఎగువన మంచినీటి చిత్తడి నేలలున్నాయి, వాటిలో నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్, అంటే పక్షులకీ జంతువులకీ అభయారణ్యం ఉంది, ఊరికి తాగునీరు తీసుకునే పాయ ఉంది. అందుకని ఉప్పు ఎక్కువైన రోజుల్లో వాడుకోవడానికి ఊరికి ఒక రిజర్వాయర్ కట్టిచ్చారు. అడుగు నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలకి ఊపిరాడదని, నది నీటిని తోడి పెద్ద పెద్ద ఉక్కు శంకువుల్లో ఆక్సిజన్ కలిపి మళ్ళీ నదిలోకి వదిలే ప్లాంట్లు పెట్టారు, ఎండాకాలంలో అవి నడుస్తూనే ఉండాలి. ఒక నదికి ఆక్సిజన్ పెట్టి మరీ ఓడలు నడుపుతున్నారన్నమాట. ఇది చాలదన్నట్టు అమెరికా అంతర్యుద్ధం నాటి సీఎస్ఎస్ జార్జియా అనే ఇనుప తొడుగు యుద్ధనౌక 1864లో మునిగిపోయి సరిగ్గా దారిలో పడుంది, దాన్ని కూడా ముక్కలు ముక్కలుగా పైకి తీయాల్సి వచ్చింది.

నేను విశాఖ వాణ్ణి, డ్రెడ్జర్లు చూస్తూ పెరిగాను, డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫీసు మా ఊళ్ళోనే. ఆర్కే బీచ్‌లో ఇసుక కోసుకుపోతుంటే పోర్టు దగ్గర తవ్విన ఇసుక తెచ్చి పోస్తారు కదా, టైబీలో కూడా అదే కథ. ఛానల్ వల్ల ఇసుక దక్షిణానికి కదలడం ఆగి బీచ్ తరుగుతుంది, కొన్నేళ్ళకోసారి మళ్ళీ ఇసుక పోస్తారు. కాబట్టి కొత్త స్టడీలో తవ్వకం ఖర్చు పక్కన బీచ్ ఖర్చు కూడా పూర్తిగా వేసి చూపించాలి, అది వేరే ఖాతా అనడానికి వీల్లేదు.

నా పని దిగుమతులది, మా బియ్యం, పప్పుల కంటైనర్లు ఈ రేవులోనే దిగుతాయి, అంటే నేను ఈ ఛానల్‌కి కస్టమర్ని కూడా. లోతు పెంచితే నాకు లాభం కదా అంటారా? 47 అడుగులు పూర్తయిన ఆ 2022 వేసవిలోనే టైబీ బయట దాదాపు 40 ఓడలు లంగరేసుకుని నిలబడ్డాయి, అది లోతు లేక కాదు, సరుకు ముంచెత్తి, ఓడలు నిలిపే బెర్తులూ కంటైనర్లు పేర్చే యార్డూ నిండిపోయి. ఆ టెన్షన్ మాకు బాగా గుర్తుంది. ఇంకో 5 అడుగులు తవ్వి ఉన్నా మా పప్పు ఒక్క రోజు ముందు వచ్చేది కాదు. పైన చూస్తే టాల్మడ్జ్ వంతెన ఉంది, కింద ఖాళీ 185 అడుగులే, పెద్ద ఓడలు ఎగువన కంటైనర్లు దించే గార్డెన్ సిటీ టెర్మినల్‌కి పోవాలంటే దాని కిందనుంచే పోవాలి. అందుకే దాన్ని కేబుళ్ళు మార్చి పైకి లేపే పని వేరే పెట్టుకున్నారు. కింద తవ్వకం, పైన ఎత్తడం, మధ్యలో నది. నన్నడిగితే వెడల్పు పని ముందు చూడాలి, అదీ నది పొడుగూతా కాదు, రెండు ఓడలు తప్పుకోగలిగే చోట్లు ఇంకొన్ని పెంచితే చాలావరకు సరిపోతుంది. లోతు సంగతి, ఉన్న ఆక్సిజన్ ప్లాంట్లు, ఉప్పు లెక్కలు నిజంగా అనుకున్నట్టే పనిచేశాయని కొన్నేళ్ళ కొలతలు చూశాక మాట్లాడుకోవచ్చు. పక్క రాష్ట్రం రేవు ఛార్ల్‌స్టన్ 52 అడుగులు తవ్వింది కాబట్టి మనమూ తవ్వాలి అనే పోటీ మీద మాత్రం నాకు నమ్మకం లేదు.

సరే, రివ్యూకి వద్దాం. ఒడ్డునే ఒక రెస్టారెంట్‌లో, పేరెందుకులెండి, ష్రింప్ అండ్ గ్రిట్స్ తిన్నాం, ఉప్మాలో పోపు మర్చిపోయి రొయ్యలు వేసినట్టుంది, పైగా కిటికీ సీటు అడిగితే రిజర్వ్‌డ్ అన్నారు, మేం లేచేదాకా అక్కడెవరూ కూర్చోలేదు. అక్కడ పెట్టే డబ్బుతో ఐస్‌క్రీమ్ కొనుక్కుని ఫెర్రీ ఎక్కండి.

వెళ్ళే ముందు ఫోన్‌లో ఓడల ట్రాకింగ్ యాప్ ఏదైనా పెట్టుకోండి, టైబీ దగ్గర నదిలోకి తిరిగిన ఓడ కనిపిస్తే రేవుకి నడవడానికి బోలెడు టైముంటుంది. సిటీ హాల్ వెనక రేవులో ఎక్కి అవతల దిగి, అక్కడి ఒడ్డున నిలబడితే వెనక ఊరు, ముందు ఓడ, ఫోటో బాగా వస్తుంది. బే స్ట్రీట్ నుంచి కిందకి దిగే పాత రాతి మెట్లు మాత్రం నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే ఆ మెట్లు వద్దు, చుట్టు తిరిగి ర్యాంపు మీదుగా తీసుకెళ్ళండి, అక్కడ కూడా రాళ్ళ రోడ్డే కాబట్టి చెప్పుల బదులు బూట్లు వేయించండి.