మోంటానా, యంగ్, వాల్ష్, సీఫర్ట్: ఫార్టీనైనర్స్‌కు ఎవరు మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అభిమానులు ఇద్దరు కలిస్తే ఒక వాదన తప్పకుండా వస్తుంది. జో మోంటానా గొప్పా, స్టీవ్ యంగ్ గొప్పా? అది తేలకముందే రెండోది మొదలవుతుంది. బిల్ వాల్ష్ మేలా, జార్జ్ సీఫర్ట్ మేలా? ఈ నలుగురూ జట్టులో ఆడిన, ఆడించిన రోజులు ముగిసి పాతికేళ్లు దాటినా వాదన చల్లారలేదు. 2014 నుంచి జట్టుకు నిలయమైన లెవీస్ స్టేడియం ఉన్నది శాంటా క్లారాలో. చుట్టూ సన్నీవేల్, ఫ్రీమాంట్, శాన్ హోసేల నిండా తెలుగు కుటుంబాలే. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఎరుపు, బంగారు రంగు చొక్కాలు వేసుకొని ఆటలకు వెళుతున్నారు. కాబట్టి ఈ వాదన తెలుగులోనూ జరగవలసిందే.

నా తీర్పు ముందే చెబుతాను. క్వార్టర్‌బ్యాక్‌లలో మోంటానా, కోచ్‌లలో వాల్ష్. అయితే అందరూ చూపే కారణాలు నావి కావు. టైటిళ్లు లెక్కపెట్టి ఈ వాదన ముగించడం యంగ్‌కూ సీఫర్ట్‌కూ చేసే అన్యాయం.

ఆట కొత్తగా చూస్తున్నవారికి ఒక మాట. క్రికెట్‌లో ఫీల్డర్లను ఎక్కడ నిలపాలో, బంతి ఎవరికివ్వాలో మైదానంలో ఉన్న కెప్టెన్ నిర్ణయిస్తాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాదాపు ప్రతి ఎత్తుగడనూ గీత బయట నిలబడ్డ కోచ్ వర్గమే ఎంచి పంపుతుంది. క్వార్టర్‌బ్యాక్ దాన్ని సహచరులకు చెప్పి, బంతి అందుకొని, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. ఆ లోపే ఎదుటి జట్టులోని భారీకాయులు అతడి మీదికి వచ్చిపడుతుంటారు. అందుకే ఏ విజయంలోనైనా కోచ్ వాటా ఎంతో, క్వార్టర్‌బ్యాక్ వాటా ఎంతో విడదీయడం కష్టం.

మోంటానా 1979 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటులో) మూడో రౌండ్‌లో, 82వ ఆటగాడిగా వచ్చాడు. అతడి పేరు చెప్పగానే అభిమానులందరూ తలచుకునేది 1982 జనవరి 10. కాండిల్‌స్టిక్ పార్క్‌లో డల్లాస్ కౌబాయ్స్ 27-21తో ముందుంది. సొంత గీతకు 11 గజాల దూరంలో బంతి అందుకున్న మోంటానా జట్టును మైదానం పొడవునా నడిపించాడు. ఇంకా 51 సెకన్లుండగా కుడివైపుకు పరుగెత్తుతూ, ముగ్గురు తరుముతుంటే, సహచరుడు డ్వైట్ క్లార్క్ ఎగిరితే తప్ప అందనంత ఎత్తుకు బంతి విసిరాడు. క్లార్క్ ఎగిరాడు, అందుకున్నాడు. 28-27. రెండు వారాల తర్వాత ఫార్టీనైనర్స్ తన తొలి సూపర్ బౌల్‌ను, అంటే లీగ్ టైటిల్‌ను తేల్చే ఆటను, గెలిచింది.

నాకు అంతకన్నా ఇష్టమైనది 1989 జనవరిలో మయామీలో సాగించిన దాడి. సిన్సినాటి 16-13తో ముందుంది. మిగిలింది మూడు నిమిషాల పది సెకన్లు, దాటవలసింది 92 గజాలు. సహచరులు ఉత్కంఠతో బిగుసుకుపోయి ఉంటే మోంటానా ప్రేక్షకుల వైపు చూపించి, అక్కడ నటుడు జాన్ క్యాండీ కూర్చున్నాడని చెప్పాడట. తర్వాత ఒక్కొక్క చిన్న పాస్‌తో ముందుకు సాగి, 34 సెకన్లు మిగిలి ఉండగా జాన్ టేలర్‌కు పది గజాల టచ్‌డౌన్ (బంతిని ఎదుటి గీత దాటించి పాయింట్లు తెచ్చే) పాస్ ఇచ్చాడు. ఆడిన నాలుగు సూపర్ బౌళ్లూ గెలిచాడు. వాటిలో 122 పాస్‌లు విసిరాడు, 11 టచ్‌డౌన్లు సాధించాడు, ఒక్క ఇంటర్‌సెప్షన్ (పాస్ ఎదుటి జట్టు చేతికి చిక్కడం) కూడా లేదు. ఈ ఆటలో నన్ను ఎప్పటికీ అబ్బురపరిచే అంకె ఆ సున్నా.

అలాగని మోంటానా ఎన్నడూ తడబడలేదనే కథను నేను ఒప్పుకోను. 1985, 1986, 1987 సీజన్లలో జట్టు వరుసగా మూడుసార్లు ప్లేఆఫ్స్ మొదటి ఆటలోనే ఓడింది. వాటిలో ఒకటి న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 49-3 పరాభవం. ఆ మూడు ఆటలు మరిచిపోయి, యంగ్ ఓడిన ఆటలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేవారితో నాకు పేచీ ఉంది.

యంగ్ కథ పూర్తిగా వేరు. ఎడమచేతివాటం, పరుగులో చిరుత. కానీ టాంపా బే జట్టులో అతడు క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టిన 19 ఆటల్లో గెలిచింది మూడే. 1987లో రెండో రౌండ్, నాలుగో రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు ఇచ్చి వాల్ష్ అతడిని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత నాలుగు సీజన్లు యంగ్ ఎక్కువగా మోంటానా వెనక, బల్ల మీదే కూర్చున్నాడు. ఒక ఆటగాడి వయసులో నాలుగేళ్లంటే చిన్న విషయం కాదు. 1991 జనవరిలో జెయింట్స్‌తో ఆటలో మోంటానా గాయపడ్డాడు. ఆ తర్వాత మోచేయి కూడా దెబ్బతిని తర్వాతి సీజన్ మొత్తం, దాని తర్వాతి సీజన్ దాదాపు మొత్తం దూరమయ్యాడు. యంగ్‌కు దారి దొరికింది అప్పుడే.

ఆ దారిలో అతడు చేసింది చూడండి. 1992లో, 1994లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు. పాస్‌ల నాణ్యతను కొలిచే పాసర్ రేటింగ్‌లో ఆరు సీజన్లు లీగ్‌లో మొదటి స్థానం, వాటిలో నాలుగు వరుసగా. 1989లో మోంటానా నెలకొల్పిన 112.4 రేటింగ్ రికార్డును 1994లో 112.8తో దాటాడు. మొత్తం జీవితానికి చూస్తే యంగ్‌ది 96.8, మోంటానాది 92.3. వీటికి తోడు కాళ్లతో సాధించిన 4,239 గజాలు, 43 టచ్‌డౌన్లు. 1988 అక్టోబర్‌లో మిన్నెసోటా మీద 49 గజాలు పరుగెత్తి, చివరి అడుగుల్లో తూలిపోతూ గీత దాటిన టచ్‌డౌన్‌ను ఒక్కసారి చూసినవారు మరిచిపోలేరు.

మరి ప్లేఆఫ్స్‌లో? 1993 జనవరిలోనూ, 1994 జనవరిలోనూ సూపర్ బౌల్‌కు ఒక్క అడుగు దూరంలో డల్లాస్ చేతిలో ఓడాడు. 1994 సెప్టెంబర్‌లో, అప్పటికి కాన్సాస్ సిటీకి వెళ్లిపోయిన మోంటానా సొంత మైదానంలో పాత జట్టును 24-17తో ఓడించాడు. మోంటానా వర్గానికి ఆ ఆట పెద్ద ఆయుధం. కానీ దాన్ని మళ్లీ చూస్తే కనిపించేది వేరు. యంగ్‌ను కాపాడవలసిన వరుస ఆ రోజు నిలబడలేకపోయింది. కాన్సాస్ సిటీ ఆటగాడు డెరిక్ థామస్ అతడిని సొంత గీత వెనక ఉండే ఎండ్ జోన్‌లోనే పడగొట్టాడు. అది ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌ల మధ్య పోటీ అనడం సరికాదు.

మూడు వారాలకు ఫిలడెల్ఫియా చేతిలో 40-8 ఓటమి. ఆట మధ్యలోనే అప్పటి కోచ్ సీఫర్ట్ యంగ్‌ను బయటికి పిలిచాడు. ఎన్నడూ గొంతు పెంచని యంగ్ గీత పక్కన కోచ్ మీద కేకలు వేశాడు. దేశమంతా టీవీలో చూసింది. మోంటానా నీడలో ఎప్పుడూ వినయంగా ఉండే మనిషి తన హక్కు కోసం నిలబడ్డ రోజు అది. సహచరులు అతడిని తమ నాయకుడిగా చూడడం ఆ రోజే మొదలైందని నా నమ్మకం. ఆ తర్వాత జట్టు వరుసగా పది ఆటలు గెలిచింది. డల్లాస్‌ను 38-28తో పడగొట్టింది. సూపర్ బౌల్‌లో శాన్‌డియాగో మీద 49-26. ఆరు టచ్‌డౌన్ పాస్‌లు విసిరిన యంగ్, ఆ రోజు రెండు జట్లలోనూ అత్యధికంగా 49 గజాలు పరుగెత్తాడు కూడా.

ఇన్ని చెప్పి మోంటానాను ఎందుకు ఎంచుకుంటున్నాను? జెర్రీ రైస్ కారణంగా. ఈ ఆట చూసిన రిసీవర్లలో (పాస్‌లు అందుకునేవారిలో) అందరికన్నా గొప్పవాడైన రైస్ 1985 డ్రాఫ్ట్‌లో వచ్చాడు. యంగ్ ఈ జట్టులో ఆడిన కాలమంతా రైస్ ఉన్నాడు. మోంటానా మొదటి రెండు టైటిళ్లూ రైస్ లేకుండానే గెలిచాడు. 1981 జట్టులో బంతి పట్టుకొని అత్యధికంగా పరుగెత్తిన రికీ పాటన్ సీజన్ మొత్తానికి సాధించింది 543 గజాలే. అంటే దాడి భారమంతా మోంటానా చేతి మీద, వాల్ష్ పథకం మీద పడింది. తక్కువ సరంజామాతో శిఖరం ఎక్కినవాడికే నా ఓటు. పదహారు ఆటల సీజన్ నిలకడగా నడపడానికి ఒకరిని ఎంచుకోమంటే మాత్రం యంగ్‌నే అడుగుతాను. వారం తర్వాత వారం అంత కచ్చితంగా బంతి విసిరి, దారి మూసుకుపోతే కాళ్లతో గజాలు రాబట్టేవాడు అప్పట్లో మరొకరు లేరు.

ఇక కోచ్‌లు, ముందు వాల్ష్, ఆయన తర్వాత సీఫర్ట్. అంకెలు చూస్తే సీఫర్ట్‌దే పైచేయి. రెగ్యులర్ సీజన్లలో ఆయనవి 98 విజయాలు, 30 ఓటములు. వాల్ష్‌వి 92 విజయాలు, 59 ఓటములు, ఒక సమం. అయినా వాల్ష్ మేలు అనడానికి ఆయన మొదలుపెట్టిన చోటు చూడాలి. 1978లో ఈ జట్టు 16 ఆటల్లో రెండే గెలిచింది. 1979లో వాల్ష్ వచ్చిన మొదటి ఏడాదీ రెండే. తర్వాత ఆరు. ఆ తర్వాత పదమూడు, సూపర్ బౌల్.

ఆ మార్పు వెనక ఉన్న ఆలోచన సిన్సినాటిలో పుట్టింది. అక్కడ వాల్ష్ సహాయ కోచ్‌గా ఉన్నప్పుడు బలమైన చేయి ఉన్న క్వార్టర్‌బ్యాక్ గ్రెగ్ కుక్ భుజం గాయంతో దూరమయ్యాడు. మిగిలిన వర్జిల్ కార్టర్ దూరం విసరలేడు. సరే, దగ్గరికే విసరనీ అనుకున్నాడు వాల్ష్. మైదానం వెడల్పంతా వాడుకుంటూ ఐదారు గజాల పాస్‌లు, ప్రతి రిసీవర్‌కూ లెక్కగట్టిన అడుగులు, క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వేసే అడుగులకూ వాళ్ల పరుగుకూ పొంతన. ఆ పద్ధతికి తర్వాత వెస్ట్ కోస్ట్ అఫెన్స్ అని పేరొచ్చింది. ఆటకు ముందే తొలి పదిహేను, ఇరవై ఎత్తుగడలు కాగితం మీద రాసుకొని రావడం కూడా ఆయన ప్రాచుర్యంలోకి తెచ్చిన అలవాటే. 1976లో సిన్సినాటి ప్రధాన కోచ్ పదవి తనకే వస్తుందని ఎదురుచూస్తే వేరొకరికి ఇచ్చారు. ఆ గాయాన్ని ఆయన ఏళ్ల తరబడి మోశాడు. ఫార్టీనైనర్స్‌తో గెలిచిన మూడు సూపర్ బౌళ్లలో రెండు సిన్సినాటి మీదే.

వాల్ష్ గొప్పతనంలో కాఠిన్యం కూడా ఉంది. 1988 జనవరిలో మిన్నెసోటాతో ప్లేఆఫ్ ఆట మధ్యలో మోంటానాను తప్పించి యంగ్‌ను పంపాడు. ఆట పోయింది, 36-24. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. నేను తప్పుపట్టను. అంతటి ఆటగాడైనా ఆ రోజు ఆట సాగకపోతే పక్కన కూర్చోవలసిందే. మరుసటి ఏడాదే మోంటానా ఆ 92 గజాలు నడిచాడన్నది కూడా గమనించాలి.

కోచ్ ముందా, క్వార్టర్‌బ్యాక్ ముందా అని అడిగేవారికి నేను చూపేది యంగ్‌నే. టాంపాలో 19లో మూడు గెలిచిన చేయి, కాళ్లు, బుర్ర ఇక్కడికి వచ్చాకా అవే. చుట్టూ ఉన్న పద్ధతి, మనుషులు మారారు. ఇప్పుడు కోచ్ కైల్ షానహాన్, క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీల మీద సాగే వాదన కూడా ఇదే. 2022 డ్రాఫ్ట్‌లో 262వ, అంటే ఆఖరి, ఆటగాడిగా వచ్చిన పర్డీ మరుసటి ఏడాదే జట్టును సూపర్ బౌల్‌కు చేర్చాడు, అదనపు సమయంలో 25-22తో కాన్సాస్ సిటీ చేతిలో ఓడాడు. ఘనత పథకానిదే అనేవారు ఒక వైపు, పర్డీదే అనేవారు మరో వైపు. నేను కోచ్ వైపే మొగ్గుతాను. అయితే పథకం చూపిన చోటికి సమయానికి బంతి చేర్చడం అందరివల్లా అయ్యే పని కాదు.

చివరగా సీఫర్ట్. ఆయన వాల్ష్ కట్టిన ఇంట్లో కాపురం చేశాడంతే అంటారు. 1999 నుంచి కరొలైనాలో మూడేళ్లలో 16 గెలిచి 32 ఓడాడని, చివరి ఏడాది ఒక్కటే గెలిచాడని ఎత్తిచూపుతారు. నిజమే, వాల్ష్‌లా సున్నా నుంచి కట్టడం ఆయనకు చేతకాలేదు. కానీ ఆ ఇంటి గోడల్లో సగం ఎవరు కట్టారు? శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పుట్టి పెరిగిన సీఫర్ట్ 1980లో డిఫెన్స్ వెనక వరుసకు కోచ్‌గా చేరాడు. మరుసటి ఏడాది రోనీ లాట్, ఎరిక్ రైట్, కార్ల్‌టన్ విలియమ్సన్ అనే ముగ్గురు కొత్త కుర్రవాళ్లతో ఆ వరుసను నిలబెట్టాడు. క్లార్క్ ఎగిరి పట్టిన బంతి గురించి అందరూ చెబుతారు. ఆ తర్వాత డల్లాస్ రిసీవర్ డ్రూ పియర్సన్ గెలుపు వైపు దూసుకుపోతుంటే వెనక నుంచి చొక్కా పట్టి లాగి ఆపిన ఎరిక్ రైట్‌ను కొందరే తలచుకుంటారు. 1985 జనవరి సూపర్ బౌల్‌లో, ఆ ఏడాది 48 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్‌ను ఊపేసిన మయామీ క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనోకు రెండో సగంలో ఒక్క పాయింటు కూడా ఇవ్వనిది సీఫర్ట్ డిఫెన్సే.

ప్రధాన కోచ్‌గా ఆయన మొదటి సీజన్ ముగిసింది డెన్వర్ మీద 55-10 విజయంతో. మోంటానాకు దక్కిన టైటిళ్లు నాలుగు, యంగ్‌కు మూడు (మొదటి రెండూ మోంటానా వెనక ఉండగా), వాల్ష్‌కు మూడు. ఈ నలుగురిలో జట్టు గెలిచిన ఐదు టైటిళ్లకూ జట్టుతో ఉన్నది సీఫర్ట్ ఒక్కడే. వాల్ష్ 1993లో, మోంటానా 2000లో, యంగ్ 2005లో, ఆటలోని గొప్పవారిని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. సీఫర్ట్‌కు ఇంకా చోటివ్వలేదు. 98-30 రికార్డు, ప్రధాన కోచ్‌గా రెండు సూపర్ బౌళ్లు ఉన్న మనిషిని కరొలైనా మూడేళ్లు చూపించి గుమ్మం బయట నిలబెట్టడం తప్పు. ఎంపిక చేసేవారు ఆయనను లోపలికి పిలవాలి, ఆయన బతికి ఉండగానే పిలవాలి.